సముద్రంపై వాతావరణ ప్రయోగాలు: దేన్ని సమర్థించాలి, దేన్ని వద్దనాలి

భూతాపాన్ని తగ్గించడానికి సముద్రాన్ని వాడుకుందామనే ప్రతిపాదనలు ఏటికేడు పెరుగుతున్నాయి. ఇనుము చల్లాలని కొందరు, క్షారం కలపాలని కొందరు. నాచు పెంచి లోతుల్లో ముంచాలని, అడుగునీళ్లను పైకి తోడాలని, నీళ్లలోని కార్బన్‌ను యంత్రాలతో బయటికి లాగాలని, సముద్రం మీది మేఘాలను తెల్లబరచాలని ఇంకొందరు. వార్తల్లో వీటన్నిటినీ ఒకే గాటన కట్టి రాస్తుంటారు. నిజానికి వీటి మధ్య పోలిక తక్కువ. కొన్ని గాలిలోంచి కార్బన్‌ను తీస్తాయి, కొన్ని తీయవు. కొన్ని నీటి ఆమ్లతను తగ్గిస్తాయి, కొన్ని దాన్ని లోతులకు నెడతాయి. కొన్నిటిని ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చు, కొన్నిటిని ఆపడమే ప్రమాదం.

మీ తీరంలో ఇలాంటి ప్రయోగానికి అభిప్రాయం అడగొచ్చు. మీ సంస్థ కార్బన్ క్రెడిట్లు (ఇంత కార్బన్ తీశామని చెప్పి అమ్మే పత్రాలు) కొనాలనుకోవచ్చు. పరిశోధనకు ఒక అంశం ఎంచుకునే విద్యార్థి మీరే కావచ్చు. అలాంటప్పుడు దేన్ని దేనితో పోల్చాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. మడ అడవులు, సముద్రపు గడ్డి మైదానాల రక్షణకు, పునరుద్ధరణకు నిస్సంకోచంగా ఔనంటాను. క్షారం కలిపే పద్ధతి మీద జాగ్రత్తగా, బహిరంగంగా పరిశోధన జరగాలి. ఇనుము పరిశోధన వరకే ఉండాలి, అమ్మకానికి రాకూడదు. నాచు ముంచడం, అడుగునీళ్లు తోడడం వద్దు. సూర్యకాంతిని వెనక్కి తిప్పే పద్ధతులు కార్బన్‌ను తీసేవి కావు కనుక వాటిని ఈ జాబితాలో కలపనే కూడదు.

ఎందుకో అర్థం కావాలంటే సముద్రం కార్బన్‌ను ఎలా దాచుకుంటుందో కాస్త చూడాలి.

సముద్రం లెక్క

సముద్రంలో కరిగి ఉన్న కార్బన్ దాదాపు 38 లక్షల కోట్ల టన్నులు. గాలిలో ఉన్నదానికి ఇది 40 రెట్ల పైమాటే. మనుషులు ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతును, అదనంగా పోగైన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. అందుకు అది చెల్లిస్తున్న మూల్యం ఆమ్లీకరణ. పారిశ్రామిక యుగానికి ముందు ఉపరితల జలాల పీహెచ్ (ఆమ్లతకు కొలత; ఇది తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) సుమారు 8.2 ఉండేది, ఇప్పుడు 8.1కి చేరింది. అంకెలో తేడా చిన్నదిగా కనిపించినా, హైడ్రోజన్ అయాన్ల పరంగా అది సుమారు 30 శాతం పెరుగుదల. గుల్లలు, పగడాలు, సున్నపు కవచాలు కట్టుకునే ప్లవకాలు (నీళ్లలో తేలుతూ బతికే చిన్న జీవులు) ఆ భారాన్ని నేరుగా మోస్తున్నాయి.

కార్బన్ లోతులకు వెళ్లే దారులు రెండు. ఒకటి రసాయన మార్గం: ధ్రువాల దగ్గర చల్లటి, బరువైన నీరు కార్బన్‌ను కరిగించుకుని కిందికి దిగుతుంది. వేడెక్కిన సోడాలో గ్యాస్ నిలవనట్టే వెచ్చటి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కరుగుతుంది, కాబట్టి సముద్రం వేడెక్కే కొద్దీ ఈ దారి సన్నబడుతుంది. రెండోది జీవమార్గం. వృక్ష ప్లవకాలు ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల కార్బన్‌ను తమ ఒంట్లో కట్టుకుంటాయి. నేల, సముద్రం కలిపి భూగోళమంతటా జరిగే కిరణజన్య సంయోగక్రియలో ఇది దాదాపు సగం. అందులో చాలా భాగాన్ని జంతు ప్లవకాలు, బాక్టీరియా అక్కడికక్కడే తినేసి, ఊపిరిగా మళ్లీ నీళ్లలోకి వదులుతాయి. మిగిలింది చనిపోయిన కణాలుగా, విసర్జనగా కిందికి రాలుతుంది. ఉపరితలం నుంచి ఇలా జారేది ఏటా సుమారు 1,000 కోట్ల టన్నులు. దాంట్లోనూ అడుగు మట్టిలో కలిసి నిలిచేది అత్యల్పం.

పోలికకు మొదటి కొలబద్ద ఇక్కడే దొరుకుతుంది: కార్బన్ ఎంత లోతుకు దిగింది? 200 మీటర్ల దగ్గరే విడిపోతే, చలికాలపు అలజడికి కొన్నేళ్లలో, లేదంటే కొన్ని దశాబ్దాల్లో మళ్లీ పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. 1,000 మీటర్లు దాటితే కొన్ని శతాబ్దాలు కిందే ఉంటుంది. బైకార్బనేట్‌గా (గాలిలోకి సులువుగా తిరిగి వెళ్లని రూపం) మారి నీళ్లలో కరిగిందంటే అది పదుల వేల ఏళ్ల మాట. ‘తీసేశాం’ అని ఎవరైనా అన్నప్పుడు ఈ మూడింటిలో ఏదో అడగాలి.

రెండో కొలబద్దను చాలామంది మరచిపోతారు. సముద్రంలోంచి కార్బన్‌ను తీయగానే గాలిలో అది తగ్గదు. కార్బన్ తగ్గిన నీరు గాలిని ఆనుకుని ఉండి, కొత్తగా పీల్చుకోవాలి. అందుకు నెలలు, ఒక్కోచోట ఏడాదికి పైగా పడుతుంది. ఈలోపు ఆ నీరు కిందికి జారిపోతే ఫలితం చేతికి రాదు. పడవ మీద నిలబడి ఈ లాభాన్ని కొలవడం దాదాపు అసాధ్యం. ఎక్కువ భాగం కంప్యూటర్ నమూనాల మీద ఆధారపడి చెప్పాల్సిందే. కాబట్టి అమ్ముడుపోతున్న క్రెడిట్లలో కొలిచింది ఎంత, లెక్కగట్టింది ఎంత అనే ప్రశ్న ప్రతిసారీ అడగాలి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: పోషకాలు ఎవరి వాటా? నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా సముద్రాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. ఒకచోట వాటిని అదనంగా వాడేస్తే ప్రవాహం దిగువన ఉన్న జలాలకు ఆ మేరకు తగ్గుతాయి. అక్కడి చేపలకు తిండి తగ్గుతుంది. ఆ చేపల మీద బతికేవాళ్లు ప్రయోగం జరిగిన చోటి నుంచి వేల కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు.

ఇనుము చల్లడం

దక్షిణ మహాసముద్రంలో, భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్‌లో, ఉత్తర పసిఫిక్‌లో నైట్రేట్ పుష్కలంగా ఉన్నా ప్లవకాలు అంతగా పెరగవు. కొరత ఇనుముదేనని అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1980ల చివర్లో వాదించాడు. ఆయన 1993లో కన్నుమూశాడు. అదే ఏడాది గలపాగోస్ దీవుల దగ్గర చేసిన తొలి క్షేత్రప్రయోగం ఆయన మాట నిజమని చూపింది. ఇనుము కలిపిన నీరు పచ్చబడింది. 2009 వరకు ఇలాంటి శాస్త్రీయ ప్రయోగాలు పదమూడు జరిగాయి. పచ్చదనం వస్తుందా అన్న సందేహం ఇప్పుడు లేదు. ఆ పచ్చదనం ఎక్కడికి పోతుందన్నదే అసలు సంగతి.

దీనికి రెండు ప్రయోగాలు రెండు జవాబులు ఇచ్చాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. 2004లో దక్షిణ మహాసముద్రపు ఒక సుడిలో జరిగిన ఐఫెక్స్ ప్రయోగంలో గాజులాంటి సిలికా కవచాలుండే వృక్ష ప్లవకాలైన డయాటమ్‌లు విస్తారంగా పెరిగాయి. ఆ జీవరాశిలో కనీసం సగం 1,000 మీటర్ల లోతు దాటిందని 2012లో ప్రచురించారు. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి ‘పోలార్‌స్టెర్న్’ నౌక మీద లోహాఫెక్స్ చేపట్టాయి. అక్కడి నీళ్లలో సిలికా తక్కువ. డయాటమ్‌లు కవచం కట్టుకోలేకపోయాయి. వాటి బదులు పెరిగిన చిన్న ప్లవకాలను జంతు ప్లవకాలైన కోపెపాడ్‌లు మేసేశాయి, వాటిని రొయ్యలాంటి యాంఫిపాడ్‌లు తిన్నాయి. కిందికి దిగిన కార్బన్ చాలా తక్కువ. చల్లింది ఇనుమే అయినా ఆ నీళ్లలో ముందే ఏముంది, ఎవరు మేస్తున్నారు అన్నదాన్నిబట్టి ఫలితం తలకిందులైంది. నా దృష్టిలో లోహాఫెక్స్ విఫల ప్రయోగం కాదు, ఇనుము గురించి మనకు తెలిసిన అత్యంత విలువైన నిజం అదే చెప్పింది.

ఇక జీవులకు కలిగే ముప్పు. ఇనుము అందగానే పెరిగే డయాటమ్‌లలో సూడోనిట్జియా అనే జాతి ఉంది. అది డొమోయిక్ ఆమ్లం అనే నాడీ విషాన్ని తయారుచేయగలదు. ఉత్తర పసిఫిక్, దక్షిణ మహాసముద్ర ప్రయోగాల్లో సేకరించిన నీటి నమూనాల్లో ఆ విషం కనిపించింది. కిందికి రాలిన సేంద్రియ పదార్థం కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ తగ్గుతుంది. బాగా తగ్గిన చోట నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు కాబట్టి కష్టపడి దాచిన లాభంలో కొంత హరిస్తుంది. ఇక ఆమ్లత: ఉపరితలంలో కాస్త తగ్గినా, ఆ కార్బన్ విడిపోయే లోతుల్లో పెరుగుతుంది. అక్కడి జీవులను ఎవరూ అడగరు.

పోషకాల వాటా సంగతీ ఇక్కడే ఎక్కువ పదునెక్కుతుంది. దక్షిణ మహాసముద్రంలో కిందికి దిగి ఉత్తరానికి పాకే నీరు మోసుకెళ్లే పోషకాల మీదనే, 30 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి ఉత్తరాన ఉన్న సముద్రాల జీవోత్పత్తిలో నాలుగింట మూడు వంతులు ఆధారపడి ఉందని కంప్యూటర్ నమూనాల అంచనా. అంటార్కిటికా చుట్టూ భారీగా ఇనుము చల్లితే అక్కడే నైట్రేట్ ఖర్చవుతుంది. దశాబ్దాల తర్వాత ఉష్ణమండలంలో వల బరువు తగ్గితే, దానికి కారణం ఇదేనని నిరూపించే దారి కూడా ఉండదు.

2012లో కెనడా పడమటి తీరాన హైదా గ్వాయ్ దీవుల దగ్గర సుమారు 100 టన్నుల ఇనుప మిశ్రమాన్ని ఒక ప్రైవేటు బృందం సముద్రంలో కలిపింది. సాల్మన్ చేపలు పెరుగుతాయని, క్రెడిట్లు అమ్ముకోవచ్చని ఆశ పెట్టారు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఆ మరుసటి ఏడాది, సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించే లండన్ ప్రొటోకాల్ ఒప్పందపు సభ్యదేశాలు వ్యాపారం కోసం చేసే ఇనుప ఎరువును నిషేధించి, నిజమైన పరిశోధనకు మాత్రం దారి ఉంచే సవరణను ఆమోదించాయి. అది అమల్లోకి రావడానికి కావలసినన్ని దేశాలు ఇంకా ఆమోదముద్ర వేయలేదు. నేను ఆ సవరణ స్ఫూర్తి వైపే ఉన్నాను. ప్రభుత్వ పరిశోధనా సంస్థలు, ముందస్తు అంచనాతో, ఫలితం ఏదైనా వెల్లడిస్తూ చేసే ప్రయోగాలు సరే. క్రెడిట్ల కోసమైతే వద్దు.

క్షారం కలపడం

రాళ్లు వానకు కరిగి నదుల ద్వారా సముద్రానికి క్షారతను తెస్తాయి. లక్షల ఏళ్లుగా వాతావరణంలోని కార్బన్‌ను సరిచేస్తున్నది ఆ ప్రక్రియే. దాన్నే వేగవంతం చేద్దామన్నది ఈ ఆలోచన. సున్నం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్, కాస్టిక్ సోడా, ఆలివైన్ రాతిపొడి, వీటిలో ఏదో ఒకటి నీళ్లలో కలుపుతారు. కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బైకార్బనేట్‌గా మారుతుంది. ఆ మేరకు సముద్రం గాలిలోంచి కొత్తగా పీల్చుకుంటుంది. పోషకాల కోసం పోటీ లేదు. కుళ్లడం లేదు, ఆక్సిజన్ తగ్గడం లేదు. కార్బన్ పదుల వేల ఏళ్లు కరిగే ఉంటుంది. పైగా కలిపిన చోట ఆమ్లత తగ్గుతుంది. ఈ జాబితాలో సముద్రపు రోగలక్షణాన్ని కాక రోగాన్నే కొంతైనా తాకేది ఇదొక్కటే అనిపించి, నాకు దీని మీద ఆశ ఎక్కువ.

ఆ ఆశకు ఒక ఆధారం ఉంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లోని వన్ ట్రీ దీవి దగ్గర శాస్త్రవేత్తలు ఒక పగడపు దిబ్బ మీదుగా పారే నీటిలో సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) కలిపి, దాని రసాయన స్థితిని పారిశ్రామిక యుగానికి ముందున్న దశకు చేర్చారు. దిబ్బ సున్నం కట్టుకునే వేగం సుమారు 7 శాతం పెరిగిందని 2016లో ప్రకటించారు. ఆమ్లీకరణ ఇప్పటికే పగడాలను నెమ్మదింపజేస్తోందని సహజ దిబ్బ మీద చూపిన ప్రయోగం అది.

అయినా చిక్కులు తక్కువేం కాదు. ఒకేచోట ఎక్కువగా కలిపితే పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకి చుట్టుపక్కల గుడ్లు, లార్వాలు, ప్లవకాలు దెబ్బతింటాయి. ఇంకా ఎక్కువైతే నీళ్లలోనే సున్నపురాయి గడ్డకట్టడం మొదలై, ఆగకుండా సాగుతుంది. అప్పుడు కలిపిన క్షారంకంటే ఎక్కువే పోగొట్టుకుంటాం. సున్నపురాయి ఏర్పడేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి లెక్క ఎదురు తిరుగుతుంది. అందుకే పలుచగా, విస్తరించేలా, నీరు బాగా కలిసే చోట కలపడం ఈ పద్ధతికి ప్రాణం.

ఏం కలుపుతున్నారన్నదీ చాలా ముఖ్యం, ‘క్షారం’ అనే ఒకే పేరుతో అన్నిటినీ ఒప్పుకోకండి. ఆలివైన్‌లో నికెల్ ఉంటుంది, అది జీవుల్లో పోగుపడొచ్చు. అందులోని సిలికా డయాటమ్‌లకు, ఇనుము మిగతా ప్లవకాలకు ఎరువవుతుంది. ఆహారజాలం అటు మొగ్గుతుంది. సున్నంలో లోహాల బెడద తక్కువే కానీ, సున్నపురాయిని బట్టీలో కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. దాన్ని పట్టి భూమిలో దాచకపోతే లాభం చాలావరకు హరించుకుపోతుంది. కాస్టిక్ సోడాను ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొట్టి తయారుచేస్తారు, పక్కన క్లోరిన్ లేదా ఆమ్లం మిగులుతుంది. ఆ ఆమ్లం ఎటు పోతుందో అడక్కుండా ఏ ప్రతిపాదననూ ఒప్పుకోకూడదు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ నెమ్మదిగా కరుగుతుంది, పీహెచ్‌ను అంతగా ఎగదోయదు. స్థానిక జీవులకు వీటిలో అదే కాస్త నయమని నా అభిప్రాయం, నెమ్మదిగా కరగడం వల్ల కొంత అడుక్కి చేరి వృథా అవుతుందన్న లోటు ఉన్నా.

పరిమాణం సంగతి మరువకండి. ఒక టన్ను మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఆచరణలో సుమారు 1.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టగలదు. 100 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తీయాలంటే గనుల్లోంచి తవ్వి, పొడిచేసి, ఓడలకెక్కించాల్సింది కూడా దాదాపు అంతే. జర్మనీలోని కీల్ నగరపు జియోమార్ సంస్థ కానరీ దీవుల్లో, నార్వే ఫియర్డుల్లో పెద్ద తేలే తొట్లలో సహజ ప్లవకాలతో పరీక్షలు చేసింది. అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థ 2025లో గల్ఫ్ ఆఫ్ మైన్‌లో అనుమతి తీసుకుని బహిరంగ సముద్రంలో ప్రయోగం చేసింది. మొదట తొట్టి, తర్వాత చిన్న ప్రయోగం, ఆ తర్వాతే పెద్దది. ఈ వరస పాటిస్తున్నవాళ్లనే నమ్మండి.

మడ అడవులు, సముద్రపు గడ్డి

వీటి గురించి వాదించాల్సింది తక్కువ. మడ అడవుల కింది బురదలో ఆక్సిజన్ ఉండదు, అక్కడ చేరిన కార్బన్ శతాబ్దాలు కుళ్లకుండా ఉంటుంది. తుపానుల దెబ్బ తగ్గుతుంది, చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు నీడ దొరుకుతుంది. కార్బన్ లెక్క తప్పినా మిగతా మేలు మిగులుతుంది. ఈ ఒక్క లక్షణం జాబితాలో ఇంకే పద్ధతికీ లేదు.

అమెరికాలో వర్జీనియా తూర్పు తీరపు మడుగుల్లో సముద్రపు గడ్డి 1930లలో తెగులుకు, తుపానుకు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. ఈ శతాబ్దం మొదలయ్యే నాటి నుంచి 7 కోట్లకు పైగా విత్తనాలు 200 పైచిలుకు హెక్టార్లలో చల్లారు. ఆ గడ్డి తనంతట తాను సుమారు 3,600 హెక్టార్లకు పాకింది. చేపలు పెరిగాయి, స్కాలప్ అనే గుల్లజీవులు తిరిగొచ్చాయి. మనుషులు మొదలుపెట్టి, సముద్రం తానే కొనసాగించిన పని అది.

హద్దులూ ఉన్నాయి. తీరపు స్థలం కొద్దిదే కనుక ప్రపంచమంతా కలిపినా ఉద్గారాల్లో కొద్ది శాతాన్ని మించి ఇవి తీర్చలేవు. మడ మొక్కలను తప్పు చోట, అంటే నీరు ఎక్కువసేపు నిలిచే బురదమేటల్లో, గడ్డి మైదానాల మీద నాటితే చచ్చిపోతాయి. ఫిలిప్పీన్స్‌లో ఇలా నాటినవి పెద్ద ఎత్తున పోయాయి. మొక్కలు లెక్కపెట్టి ఫొటోలు దిగే పథకంకంటే, అడ్డుకట్ట తెంచి ఆటుపోటు నీటిని మళ్లీ పారనిచ్చే పథకం మేలు. నీటి దారి సరిపడితే విత్తనాలు వాటంతటవే వస్తాయి. నాటడంకంటే నరక్కుండా ఆపడం ముందు. ఉన్న అడవిని చెరువులుగా తవ్వితే శతాబ్దాల కార్బన్ కొన్నేళ్లలో బయటికి వస్తుంది.

నాచు, గొట్టాలు, యంత్రాలు

సముద్రపు నాచును పెంచి ఆహారానికో, పశువుల దాణాకో వాడితే నాకు అభ్యంతరం లేదు. పెంచి లోతుల్లో ముంచడం వేరే కథ. అమెరికా జాతీయ అకాడమీల నివేదిక ఒక లెక్క వేసింది: ఏటా 10 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను ఈ మార్గంలో తీయాలంటే, 100 మీటర్ల వెడల్పున ప్రపంచ తీరరేఖలో 63 శాతం పొడవునా నాచు పెంచాలి. బొగ్గు, చమురు, గ్యాసుల నుంచి ఏటా వెలువడేది సుమారు 3,700 కోట్ల టన్నులు. అంత తీరాన్ని ఆక్రమించి దక్కేది అందులో ఒక్క శాతంలో పావు వంతు మాత్రమే. ఆ నాచు తాగే నైట్రేట్ ప్లవకాల నోటి నుంచి తీసిందే, కాబట్టి అవి పట్టే కార్బన్ తగ్గుతుంది. నాచు నీడలో వెలుతురూ తగ్గుతుంది. ముంచిన గుట్టలు కుళ్లే చోట అడుగు జీవులకు ఊపిరి ఆడదు. తిండి అరుదుగా రాలే చీకటి లోతుల్లో నెమ్మదిగా బతికే జీవులవి, దెబ్బతింటే కోలుకోవడానికి ఎన్ని తరాలు పడుతుందో.

అడుగునీళ్లను గొట్టాలతో పైకి తోడాలని 2007లో బ్రిటన్ శాస్త్రవేత్తలు జేమ్స్ లవ్‌లాక్, క్రిస్ రాప్లీ ప్రతిపాదించారు. లోతైన నీళ్లలో పోషకాలతోపాటు కుళ్లి చేరిన కార్బన్ కూడా ఉంటుంది. రెండూ కలిసే పైకొస్తాయి కాబట్టి నికర లాభం నామమాత్రం. 2008లో హవాయి దగ్గర అలలతో నడిచే పంపును పరీక్షిస్తే ఒక్కరోజు కూడా గడవకముందే తెగిపోయింది. అంతకంటే పెద్ద చిక్కు, చాలాకాలం నడిపి ఆపేస్తే లోతుల్లో దాగిన వేడి పైకొచ్చి, అసలు మొదలుపెట్టకపోయినా ఇంత వేడి ఉండేది కాదన్న స్థితి వస్తుందని నమూనాలు చెబుతున్నాయి. దీన్ని పక్కన పెట్టేయొచ్చు.

విద్యుత్తుతో సముద్రపు నీటిలోంచి కార్బన్‌ను బయటికి లాగే యంత్రాల విషయంలో ఒక సుగుణం ఉంది: తీసిన వాయువును తూచవచ్చు. అయితే ఒక లీటరు సముద్రపు నీళ్లలో ఉన్నది సుమారు 100 మిల్లీగ్రాములే. ఒక టన్ను తీయాలంటే కనీసం 10,000 టన్నుల నీటిని యంత్రంలోంచి పంపాలి. ఆ నీటిలోని గుడ్లు, లార్వాలు వడపోతల్లో నలిగిపోతాయి. ఇప్పటికే నీటిని తోడుతున్న నిర్లవణీకరణ (ఉప్పునీటిని మంచినీరుగా మార్చే) కర్మాగారాలకు దీన్ని జోడిస్తే కొత్తగా తోడాల్సిన పనుండదు. కాలుష్యరహిత కరెంటు, భూమిలో దాచే చోటు రెండూ దగ్గర్లో ఉంటేనే దీన్ని ఆలోచించాలి.

సూర్యకాంతిని తిప్పికొట్టడం

వాతావరణపు పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్‌లో గంధకపు కణాలు వెదజల్లడం, సముద్రం మీది మేఘాల్లోకి ఉప్పునీటి తుంపర చిమ్మి వాటిని మరింత తెల్లబరచడం ఈ కోవలోవి. వేడి తగ్గితే పగడాలు తెల్లబారడం తగ్గుతుంది, అది చిన్న మేలు కాదు. గ్రేట్ బారియర్ రీఫ్ మీద 2020 నుంచి మేఘాల ప్రయోగాలు చేస్తున్నది ఆ ఉద్దేశంతోనే. కానీ గాలిలోని కార్బన్ అలాగే ఉంటుంది, ఆమ్లీకరణ సాగుతూనే ఉంటుంది. వేడికి బతికిన పగడం ఆమ్లతకు బలహీనపడుతుంది.

చల్లబడటం కూడా సముద్రమంతటా ఒకే తీరుగా మేలు చేయదు. 1991లో పినటూబో అగ్నిపర్వతం పేలి 1.5 నుంచి 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను పైకి చిమ్మింది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. ఆ చలికాలం ఎర్రసముద్రపు ఉత్తర కొసన, ఐలాత్ గల్ఫ్‌లో, పైనీరు మామూలుకంటే చల్లబడి లోతులతో కలిసింది. పోషకాలు పైకి తన్నుకొచ్చాయి. వసంతంలో ఆల్గే దట్టంగా పెరిగి పగడాల మీద పరుచుకుని వాటిని ఊపిరాడకుండా చంపింది. ఎక్కడో ఫిలిప్పీన్స్‌లో లేచిన ధూళికి ఎర్రసముద్రంలో పగడం చచ్చిపోయింది. సగటు అంకెలు చూపి భరోసా ఇచ్చేవాళ్లకు నేను ఈ ఉదంతమే గుర్తుచేస్తాను.

ఆపడం మరో ప్రమాదం. గంధకపు తెర ఏడాది, రెండేళ్లకు మించి నిలవదు, కాబట్టి చల్లుతూనే ఉండాలి. యుద్ధం వచ్చో, డబ్బు లేకో ఆగితే, ఇన్నేళ్లు దాచిన వేడి కొద్ది ఏళ్లలోనే మీద పడుతుంది. చేపలు, ప్లవకాలు వలసపోయేందుకు కూడా వ్యవధి దొరకదు. అందుకే ఏదో ఒక దిబ్బను వేసవి గడ్డుకాలంలో కాపాడే స్థానిక మేఘ ప్రయోగాన్ని, ప్రపంచమంతటి మీద కప్పే గంధకపు తెరను నేను ఒకే తక్కెడలో తూచను. మొదటిదానిపై పరిశోధన కొనసాగాలి. రెండోదాన్ని నడిపేందుకు తగిన అంతర్జాతీయ ఏర్పాటు ఏదీ ఇప్పుడు లేదు.

మీరు ఎంచుకోవాల్సి వస్తే

డబ్బు పెట్టేవారికి: తక్కువ మొత్తమైతే తీరపు ఆవాసాల రక్షణకే ఇవ్వండి. ఎక్కువ మొత్తం, ఓపిక రెండూ ఉంటే క్షారత పరిశోధనలో కొలిచే పరికరాలకు, స్వతంత్ర పర్యవేక్షణకు ఇవ్వండి. అందరూ కలిపే యంత్రానికే ఇస్తున్నారు, కొలిచేవాడికి ఇచ్చేవాళ్లు తక్కువ. క్రెడిట్లు కొనేవారు, కార్బన్ ఏ రూపంలో ఎంతకాలం ఉంటుంది, ఎంత భాగం నమూనా అంచనా, అంచనా తప్పితే నష్టం ఎవరు భరిస్తారు అన్నవి ఒప్పందంలో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే ఆగిపోవచ్చు. మీ సొంత ఉద్గారాలను తగ్గించడానికి బదులుగా మాత్రం ఏదీ కొనకండి. ఏటా వేల కోట్ల టన్నులు వదులుతూ కోట్ల టన్నులు తీయడం వల్ల సముద్రానికి ఒరిగేదేమీ లేదు.

పరిశోధనాంశం వెతుక్కునే విద్యార్థులకు నా సలహా: కలపడం గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. జంతు ప్లవకాలు, చేపగుడ్లు, అడుగు జీవులు క్షారతకు ఎలా స్పందిస్తాయో పరీక్షించేవాళ్లు కావాలి. ఉష్ణమండల జలాల్లో అలాంటి పని మరీ తక్కువ.

తీరంలో ఉండి, అభిప్రాయం చెప్పమని అడిగించుకున్నవారు ఒక విషయం దగ్గర పట్టుబట్టండి. ప్రయోగానికి ముందు కనీసం ఒక పూర్తి ఏడాది, అన్ని రుతువుల్లో, అక్కడి పీహెచ్, ఆక్సిజన్, ప్లవకాలు, చేపపిల్లల లెక్క తీసి బహిరంగంగా పెట్టాలి. సముద్రం తనంతట తానే నెలనెలకూ మారుతుంటుంది. ముందున్న స్థితి రాసిపెట్టి లేకపోతే, తర్వాత వచ్చిన మార్పు ప్రయోగం వల్లనా, కాలం వల్లనా అన్నది ఎవరూ తేల్చలేరు. నష్టపోయినవారి మాట కాగితం మీద నిలవదు. ఏ అంకె దాటితే వెంటనే ఆపేయాలో, ఆ ఆపే అధికారం ఎవరిదో, పర్యవేక్షకుల జీతం ప్రయోగం చేసేవారి చేతుల్లో కాక ఇంకెవరి చేతుల్లో ఉంటుందో కూడా మొదటి చుక్క కలపకముందే రాతలో ఉండాలి. దూర సముద్రాల విషయంలో 2023లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సముద్ర జీవవైవిధ్య ఒప్పందం పర్యావరణ ప్రభావ అంచనాను కోరుతోంది. తీరానికి దగ్గరి జలాల్లోనూ అంతకంటే తక్కువకు ఒప్పుకోవద్దు.